సున్నా పౌండ్ల ఆవిరి

మార్ష్‌వెల్ పట్టణంలో తోట రైళ్ళకు న్యాయం జరిగి తీరుతుందని కౌన్సిలర్ డెస్మండ్ పార్జెటర్ గారు మార్చి మొదటి మంగళవారం నాడు టౌన్ హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. వాటికి అన్యాయం జరిగిందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అందుచేత విన్నవారందరూ ముందు నొచ్చుకుని, ఆ తరువాత సంతోషించారు.

"ప్రజల మనిషికి ఒక సరదా ఉండాలి," అన్నారాయన. "నిజం నిప్పూ, నిజం ఆవిరితో నడిచే బుల్లి రైళ్ళు నా సరదా. మన ఊళ్ళో వాటికి రెండు సంఘాలున్నాయి. క్షుణ్ణంగా పరిశీలించి, ఎన్నికలయ్యాక ఒకదాంట్లో చేరతాను. నేను చేరిన సంఘానికి పాత లైబ్రరీ వెనక తోట పాతికేళ్ళ లీజుకు దక్కుతుంది."

వెనక వరసలో గొడుగు కింద నిలబడ్డ లెనర్డ్ టఫిన్ ఊపిరి బిగబట్టాడు. ఆ తోటను చదును చేసి కార్లు నిలిపే చోటుగా మార్చాలని కిందటేడు ప్రతిపాదించింది పార్జెటర్ గారే. కనుక దాన్ని కాపాడగల సత్తా కూడా ఆయనకు తప్ప మరొకరికి లేదని ఒప్పుకోక తప్పదు.

లెనర్డ్‌కు అరవై ఎనిమిదేళ్ళు. గడియారాలు బాగుచేసి రిటైరయ్యాడు. తొమ్మిది చలికాలాలు కూర్చుని ఒక ఇంజను తయారుచేసుకున్నాడు. ఆ తోటలోని రెండు వందల గజాల పట్టాల్లో సగం అతని చేతుల మీదుగా పరిచినవే. ఉండేది రెండో అంతస్తు వాటాలో. అక్కడి బాల్కనీలో ఒక్క జెరేనియం పూలకుండీ పెడితే మనిషి లోపలికి రావలసిందే. తోట పోతే ఇంజను అలమరలోకి, లెనర్డ్ కుర్చీలోకి.

అతను ఏ సంఘంలోనూ సభ్యుడు కాడు. రెండింటికీ బాయిలర్ ఇన్‌స్పెక్టర్. ఏటా ప్రతి బాయిలర్‌నూ పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆ జిల్లా మొత్తం మీద అతనొక్కడికే అధికారం ఉంది. పదకొండేళ్ళ కిందట నీళ్ళు గ్యాసుతో మరగాలా, స్పిరిట్‌తో మరగాలా అన్న తగాదాలో సంఘం రెండుగా చీలింది. వచ్చే ఆవిరి ఒకటేనని ఆనాడు అన్నందుకు లెనర్డ్‌ను రెండు పక్షాలూ చెరొక నెల వెలివేశాయి. గ్యాసు సంఘం కార్యదర్శి బెరిల్ ఆకెండెన్, స్పిరిట్ సంఘం కార్యదర్శి రూపర్ట్ స్టాలిబ్రాస్ ఆనాటి నుంచీ పక్కపక్కనే కూర్చున్నా లెనర్డ్ ద్వారానే మాట్లాడుకుంటున్నారు.

"లెన్నీ, నా కేకు డబ్బా మీద కూర్చున్నాడని ఆ స్పిరిట్ మనిషికి చెప్పు."

"లెనర్డ్, ఇటుకనుకున్నానని ఆవిడగారికి చెప్పు. తిన్నాక కూడా అనుమానం తీరలేదని చెప్పు."

మరుసటి శనివారం పార్జెటర్ గారు పరిశీలనకు వేంచేశారు. చినుకులను లెక్కచేయకుండా పూర్తిగా నాలుగు నిమిషాలు తోటలో గడిపారు. లెనర్డ్ తన ఇంజనులో నీళ్ళు పోసి నిప్పు అంటించాడు.

"ఎప్పుడు కదులుతుంది?" అని అడిగారు కౌన్సిలర్ గారు.

"ఎనిమిది నిమిషాలు ఆగాలండీ. ప్రెషర్ చూపే ముల్లు నలభై పౌండ్లకు రావాలి."

"ఆవిరి రాకముందే కదిలే రకం లేదా?"

"లేదండీ."

"ఉండాలి," అన్నారాయన గంభీరంగా. "ప్రజలు ఎనిమిది నిమిషాలు ఆగరు. నేనెప్పుడూ వాళ్ళని ఆగనివ్వలేదు."

ఆ తరువాత రెండు సంఘాలకూ నలభై రెండు ప్రశ్నల పత్రం వచ్చింది. 'పట్టణ భవిష్యత్తుకు మీ సంఘం అందించేదేమిటి' అన్న ప్రశ్నకు బెరిల్ 'శనివారాలు' అని రాసింది. రూపర్ట్ తొమ్మిది పేజీలు రాసి, అడుగున వివరణలు చేర్చాడు. కౌన్సిల్ వారి వినోద విభాగం రెండింటినీ నెలరోజులు తూచి, చెరి అరవై ఒక్క మార్కులు వేసింది.

ఈలోగా, పరిశీలనకు సాయంగా ఉంటుందని, రెండు సంఘాలవారూ కౌన్సిలర్ గారి కరపత్రాలు ఇంటింటికీ పంచారు. మే నెల ఎన్నికల్లో పార్జెటర్ గారు పందొమ్మిది ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రెండు సంఘాలలోనూ కలిపి సభ్యులు ఇరవై ముగ్గురు. ఇది ప్రజాతీర్పు అని ఆయన అన్నారు.

జూన్ రెండో శనివారం తోటలో సభ. గ్యాసు ఇంజను ముందు, స్పిరిట్ ఇంజను వెనక కట్టి, ఆయనే పచ్చజెండా ఊపి నడిపించి, ఆ వెంటనే తన నిర్ణయం చెబుతారు. నిప్పుతో పని కనుక వినోద విభాగం ఒక నిబంధన పెట్టింది: కౌన్సిలర్ గారికి ఆరడుగుల లోపల ఎవరూ ఇంధనం పోయరాదు.

రెండు ఇంజన్లలోనూ ముల్లు నలభై దగ్గర నిలిచింది. కౌన్సిలర్ గారు ఇంజన్ల పక్కనే నిలబడి, "నేను ఎక్కువ మాట్లాడను," అంటూ మొదలుపెట్టారు.

ఈ ఇంజన్లకు ఇంధనం తొట్టి కావాలనే చిన్నదిగా పెడతారు. నీళ్ళు అయిపోయేలోపే మంట ఆరిపోవాలి, బాయిలర్ మాడకూడదు. అంత ముందుచూపుతో వాటిని రూపొందించిన మహానుభావులు ఉపన్యాసాలను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. పద్దెనిమిదో నిమిషాన గ్యాసు మంట బుస ఆగింది. ఇరవై రెండో నిమిషాన స్పిరిట్ వత్తులు కొండెక్కాయి. పార్జెటర్ గారు అప్పటికి తమ బాల్యంలోనే ఉన్నారు. ముల్లు ముప్ఫైకి, పదికి, సున్నాకు దిగింది.

లెనర్డ్ బెరిల్ వంక చూశాడు. బెరిల్ కోటు జేబులోంచి బఠాణీ పూలతీగలు కట్టే పచ్చదారం ఉండ తీసి అతని చేతిలో పెట్టింది. ఇంధనం లేకుండా వంగడానికి నిబంధనల్లో అడ్డులేదు. లెనర్డ్ కొక్కెం సరిచూస్తున్నట్టు వంగి, దారం కొస ముందు ఇంజనుకు ముడివేసి, వెనక్కి నడుస్తూ పట్టాల మధ్యగా వదులుకుంటూ పోయి, రైలుకు ఎదురుగా ఉన్న బుల్లి సొరంగంలోకి జారవిడిచాడు. సొరంగం మట్టిదిబ్బ అవతల రెండో కొసను బెరిల్ అందుకుంది. దిబ్బ చాటున ఒకరి బలం చాలలేదు. రూపర్ట్ మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు.

నలభయ్యో నిమిషాన జెండా ఊగింది.

"మెల్లగా లాగవయ్యా, అదేం గుర్రమా?"

"పదకొండేళ్ళ తరువాత నోరు విప్పి అనే మాట ఇదా?"

"నోరు మూసుకుని లాగు."

రైలు కదిలింది. పొగ లేదు, చప్పుడు లేదు, తొందర లేదు. పద్నాలుగు గజాలు హుందాగా సాగి సొరంగంలోకి వెళ్ళిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

"చూశారా," అన్నారు పార్జెటర్ గారు. "ఆవిరి రాకముందే కదిలే రకం ఉండాలని నేను మొదటిరోజే చెప్పాను." ఆపైన నిర్ణయం ప్రకటించారు. రెండు సంఘాలూ సమానం కనుక ఆయన దేంట్లోనూ చేరరు. రెంటినీ కలిపి ఒకటి చేస్తారు. దానికి ఆయనే అధ్యక్షులు. తోట దినచర్య పుస్తకం కౌన్సిల్ కమిటీ ముందు పెట్టగానే లీజు ఖాయం.

దినచర్య పుస్తకంలో నడిపినవారి పేరు, దూరం, ప్రెషర్ రాయాలి. రాయవలసింది లెనర్డ్. టీతో పెట్టిన స్కోన్ రొట్టెలు తిని జనం వెళ్ళిపోయాక ముగ్గురూ దాని చుట్టూ కూర్చున్నారు.

"నలభై అని రాసెయ్ లెన్నీ," అంది బెరిల్. "ఆ కమిటీలో ముల్లు చూసినవాడెవడు?"

"ఒక్క అంకె," అన్నాడు రూపర్ట్. "ఒక్క అంకెకి తోట పోగొడతావటోయ్?"

లెనర్డ్ ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆ పుస్తకంలో లేని పౌండు రాయలేదు. తోటవైపు ఒకసారి చూశాడు. కలం తీసి, నడిపినవారు డెస్మండ్ పార్జెటర్, దూరం పద్నాలుగు గజాలు, ప్రెషర్ సున్నా అని రాశాడు. ఇద్దరూ అతనితో మాట్లాడకుండా, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. లెనర్డ్ దాన్ని తోటకు తెచ్చి, ఇద్దరికీ వినబడేలా చదివాడు.

'దినచర్య పుస్తకం పరిశీలించాము. గౌరవ కౌన్సిలర్ గారు నడిపిన నాడు ప్రెషర్ సున్నాగా నమోదైనందుకు కమిటీ హర్షం వెలిబుచ్చుతోంది. ఈ జిల్లాలో ఇంతటి భద్రత మునుపెన్నడూ సాధ్యపడలేదు. పాతికేళ్ళ లీజు మంజూరు చేయడమైనది. ఇకమీదట ఏ ఇంజనూ, ఏ రోజునా, ఈ ప్రమాణాన్ని మించరాదు. పుస్తకం నెలనెలా తనిఖీ చేయబడును.'

రూపర్ట్ ఉత్తరం అందుకుని మళ్ళీ మొదటి నుంచీ చదువుకున్నాడు.

"అంటే మనం గెలిచామా?" అంది బెరిల్.

"పాతికేళ్ళు," అన్నాడు రూపర్ట్.

మరునాడు ఉదయం లెనర్డ్ నది ఒడ్డున చేపల గాలాల కొట్టుకు వెళ్ళి నాలుగు వందల గజాల దారం అడిగాడు.

"చేప బరువు చెబితే దారం చెబుతా," అన్నాడు కొట్టతను.

"పదహారు పౌండ్లు."

"గట్టిదే తగిలిందే. బాగా గింజుకునే రకమా?"

లెనర్డ్ కాస్త ఆలోచించాడు.

"లేదు. ఎటు లాగితే అటే వస్తుంది. దారం మాత్రం కనబడకూడదు."