తూర్పుకు ఒక వీధి

చిల్లకూరులో ప్రజారోగ్యం ఈ ఏడాది గణనీయంగా మెరుగుపడిందని స్థానిక ప్రభాత నడక సంఘం ప్రకటించింది. ఇందుకోసం సభ్యులెవరూ కొత్తగా నడవలేదు. గడియారాలు కొన్నారు.

ఆ గడియారాల సంగతి తెలియనివారు ఇప్పుడెవరూ లేరు గాని, ఒకవేళ ఉంటే వారి కోసం ఒక మాట. అవి టైము చూపిస్తాయి, అయితే టైము కోసం వాటినెవరూ చూడరు. మనిషి ఎంత నడిచాడు, ఎలా నిద్రపోయాడు, గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోంది అనేవి వాడి ఒంటినే అడిగి, భూమ్మీద వాడు ఎక్కడున్నాడన్నది మాత్రం ఉపగ్రహాలను అడిగి, అంతా ఫోనుకు చేరవేస్తాయి. ఫోను ఆ మనిషి తిరిగిన దారిని పటం మీద నీలం గీతగా గీసి, ఉన్నచోట ఒక చుక్క పెట్టి, సంఘం వాట్సాప్ గ్రూపులో వేస్తుంది. సభ్యులు ఒకరి చుక్కను ఒకరు చూసి ఉత్తేజం పొందాలన్నది సంఘం అధ్యక్షులు పద్మనాభయ్య గారి ఆశయం. ఎరువుల వ్యాపారి అయిన పద్మనాభయ్య గారు స్వయంగా నడవరు. నడిచేవారికి దారి చూపిస్తారు.

ఆ సంఘంలో లాజరస్ ఒక సభ్యుడు. హైవే పక్కన టైర్ల షాపు ఆయనది. యాభై దాటిన మనిషి. చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగే పెద్దమనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. ఆయనను ఇన్నేళ్లలో ఎవరూ దేనికీ మెచ్చుకోలేదు. అది ఒక లోటని గడియారం కట్టుకునేదాకా ఆయనకే తెలియదు. అందరికన్నా కొత్త మోడల్ కొన్నాడు. అది మొదటిరోజే ఆయనను మెచ్చుకుంది. స్కూటరు మీద గూడూరు పోయివస్తే "అద్భుతమైన పరుగు" అన్నది. మొండి టైరును రిమ్ము నుంచి ఊడబెరుకుతుంటే "ప్రశాంతంగా ధ్యానం చేస్తున్నారు" అన్నది. ఆదివారం ప్రసంగం వింటుంటే "గాఢనిద్ర, నాణ్యత అత్యుత్తమం" అన్నది. ఈ ఒక్క విషయంలో గడియారం పొరబడలేదని ఆయన భార్య ఆనందకుమారి అభిప్రాయం. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు.

వేసవి సెలవుల్లో భార్యాభర్తలిద్దరూ తూపిలిపాలెం బీచికి పోయారు. లాజరస్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేతబట్టుకుని, అల వచ్చినప్పుడల్లా వెనక్కి గంతేస్తూ, ఒడ్డు వెంబడే మిరపకాయ బజ్జీల బండి దాకా నడిచి తిరిగొచ్చాడు. ఆయనకు ఈత రాదు. బావిలోకి తొంగి చూడాలన్నా పిట్టగోడ పట్టుకునే రకం. బజ్జీ నోట్లో ఉండగా చేతి మీద గడియారం గజగజ వణికి, "సముద్రపు ఈత పూర్తయింది. ఇది మీ కొత్త రికార్డు" అని ప్రకటించింది. జరిగిందేమంటే, ఆ గడియారం ఆయనను ఉన్నచోటి నుంచి తూర్పుకు ఒక వీధి దూరం జరిపి చూపించడం మొదలుపెట్టింది. చిల్లకూరులో అయితే తూర్పున ఇంకో వీధి ఉంటుంది. తూపిలిపాలెంలో బంగాళాఖాతం ఉంది.

గ్రూపు దద్దరిల్లింది. "లాజరన్నా, నీలో ఇంత ఉందా!" అని ఒకరు, "జిల్లాకే గర్వకారణం" అని ఇంకొకరు. లాజరస్ "నేను ఈదలేదు, బజ్జీలకు పోయినాను" అని టైపు చేశాడు. దాన్ని కాసేపు చూసుకున్నాడు. చెరిపేశాడు. దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ పంపించాడు. అబద్ధమాడారని ఆయనను ఎవరూ అనలేరు. ఆ బొమ్మకు భాష లేదు.

కల్యాణ మండపంలో సన్మానం జరిగింది. పద్మనాభయ్య గారు మైకు అందుకున్నారు.

"మన లాజరస్ గారు బంగాళాఖాతాన్ని బారలతో కొలిచినారు! వయసు ఆయన్ని ఆపలా, కెరటాలు ఆపలా. ఎవురన్నా అడగొచ్చు, సాక్ష్యం ఏందని. ఉపగ్రహాలయ్యా సాక్ష్యం! మనిషి అబద్ధం ఆడతాడు. ఆకాశంలో ఉండే ఉపగ్రహానికి చిల్లకూరులో ఎవురు చుట్టం, ఎవురు పగోడు?"

లేచి నిజం చెప్పేయాలనే లాజరస్ కూర్చున్నాడు. అంతలో భుజాల మీద శాలువా పడింది. ఆ ఎండల్లో దానితో ఉక్కపోసింది గాని, తీసెయ్యబుద్ధి కాలేదు. "అంతా దేవుని దయ" అన్నాడు. నిజమూ కాని, అబద్ధమూ కాని మాట ఇంతకన్నా చక్కనిది మన భాషలో దొరకదు. ముందు వరసలో కూర్చున్న ఆనందకుమారి మాత్రం చప్పట్లు కొట్టలేదు.

నడక ముగిశాక సంఘం సభ్యులంతా సర్వీసు రోడ్డు పక్కన టీ బంకు దగ్గర చేరడం ఆచారం. ఆ బంకుకు సరిగ్గా తూర్పు వీధిలో వెంకటశేషమ్మ ఇల్లుంది. భర్త పోయాక ఆమె ఒక్కతే ఉంటూ, జాకెట్లు కుట్టి బతుకుతోంది. లాజరస్ బంకు బెంచీ మీద కూర్చుని టీ ఊదుకుంటుండగా, ఆయన చుక్క పోయి వెంకటశేషమ్మ ఇంట్లో కూర్చుంది.

మొదట చూసినవాడు సంఘం కార్యదర్శి సుశీల్ కుమార్. బెంచీ మీద లాజరస్‌కు ఆనుకునే కూర్చుని ఉన్నాడు. ఫోను చూశాడు, లాజరస్‌ను చూశాడు, మళ్లీ ఫోను చూశాడు.

"లాజరన్నా, యాడుండావు?"

"నీ పక్కనే ఉండాను గదా."

"అది సరేలే. యాడుండావు?"

లాజరస్‌కు అర్థం కాలేదు. మిగతావాళ్లకు అయింది. పక్కన టీ తాగుతున్న లాజరస్‌ను వదిలేసి, ఫోనులో ఉన్న లాజరస్‌ను అందరూ నమ్మారు. మర్నాడూ చుక్క అక్కడే కూర్చుంది. ఆ పై దినమూ అక్కడే. మన సంఘం సర్వమత సామరస్యానికి పెట్టింది పేరు. ఈ వ్యవహారంలోనూ అన్ని మతాలవారూ ఒక్క మాట మీదే నిలబడ్డారు.

మగవాళ్లు లాజరస్‌ను ఏమీ అనలేదు. పైగా కొత్త మర్యాద చూపారు. బంకు దగ్గర బెంచీ మీద చోటిచ్చేవారు, భుజం తట్టేవారు. అనాల్సిందంతా వేరేచోట అన్నారు. జాకెట్లకు గుడ్డలిచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, "ఇప్పుడు తొందర లేదులే శేషమ్మా" అంటూ కత్తెర పడని గుడ్డలను వెనక్కి పట్టుకుపోయారు. సగం కుట్టినవి కూడా ఒకామె అట్టే పట్టుకుపోయింది, చేతులు లేకుండా.

గడియారం తప్పు చూపిస్తోందని లాజరస్ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట అన్న మరుక్షణం సముద్రమూ పోతుంది, శాలువా పోతుంది. అందుకని ఆయన మధ్యేమార్గంగా రహస్యంగా కంపెనీకి ఫిర్యాదు చేశాడు. కంపెనీ గడియారాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయమంది. తర్వాత, ఆకాశం బాగా కనిపించే చోట చెయ్యి పైకెత్తి నిలబడమంది. లాజరస్ మిద్దె ఎక్కి అలాగే నిలబడ్డాడు. ఎదురింటివారు ఆయన పశ్చాత్తాప ప్రార్థన చేస్తున్నాడని అనుకుని, తలుపులు దగ్గరగా వేసుకున్నారు. చివరకు కంపెనీ, తమ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగింది. మొహమాటస్థుడు గనక అయిదూ ఇచ్చాడు.

సంగతి ఆనందకుమారి చెవిన పడింది. ఆమె మర్నాడు భర్తతోపాటు నడకకు వచ్చి, బంకు దగ్గర పక్కనే కూర్చుని, ఫోను తెరిచి చూసింది. చుక్క వెంకటశేషమ్మ ఇంట్లో ఉంది.

"మీరు ఆ ఇంట్లో ఉండారు" అన్నది.

"నీ పక్కన ఉండాను గదా ఆనందా!"

"అయితే అక్కడ ఎవురుండారో చూసొద్దాం, పదండి."

ఆ విధంగా ఆమె భర్త చెయ్యి పట్టుకుని, భర్తను వెతకడానికి బయల్దేరింది. సంఘమంతా టీ గ్లాసులతో లేచి నిలబడి చూసింది. వెంకటశేషమ్మ గడపలో వీళ్లను చూసి బిత్తరపోయింది. ఆనందకుమారి లోపలికి పోయి, మిషను పక్కన స్టూలు మీద లాజరస్‌ను కూర్చోబెట్టి, మళ్లీ ఫోను చూసింది. చుక్క అక్కడ లేదు. తూర్పుకు ఇంకో వీధి జరిగి, పద్మనాభయ్య గారి మేడలోకి పోయింది. ఆ సమయానికి పద్మనాభయ్య గారు నాయుడుపేటలో ఉన్నారు. మేడలో ఆయన భార్య కామాక్షమ్మ గారు ఒక్కరే ఉన్నారు.

ఆనందకుమారి లెక్క తేలింది. నుదురు కొట్టుకుని, "శేషమ్మా, మమ్మల్ని క్షమించు. ఈ మాయదారి వాచీ ఈయన్ని తూర్పుకు తోస్తా ఉంది" అన్నది.

ఇన్నాళ్లుగా ఎవరికీ అంతుబట్టని సాంకేతిక రహస్యం ఆ నిమిషంలోనే గ్రూపు మొత్తానికి బోధపడింది. "లాజరస్ గారి గడియారంలో సాఫ్ట్‌వేర్ బగ్ ఉన్నట్లు నిర్ధారణ అయినది. సభ్యులు పుకార్లు నమ్మరాదు" అని పద్మనాభయ్య గారు నాయుడుపేట నుంచే సందేశం పంపారు. కామాక్షమ్మ గారి గురించి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అటువంటి ఇంట్లోకి చుక్క పోతే అది చుక్క తప్పేనని చిన్నపిల్లలకైనా తెలుసు.

తొందరలోనే కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపి, "కొన్ని చిన్న లోపాలు సవరించాం. మీ అనుభవం ఇకపై మరింత ఆనందదాయకం" అని తెలియజేసింది. చుక్క బుద్ధిగా బంకు దగ్గరకు వచ్చి కూర్చుంది. అయితే బగ్ ఎప్పటి నుంచి ఉందన్న ప్రశ్న మిగిలింది. దాన్ని తేల్చడానికి సంఘం సర్వసభ్య సమావేశం పెట్టింది. వెంకటశేషమ్మను కూడా పిలిపించి, తలుపు దగ్గర కుర్చీ వేశారు.

ఆనందకుమారి లేచింది. "ఇందులో తేల్చేదేముంది? బీచిలో ఆయన బజ్జీలు తింటా ఉండాడు. బంకు దగ్గర టీ తాగతా ఉండాడు. రెండుసార్లూ నేను పక్కనే ఉండాను. మొదట్నుంచీ తప్పే."

పద్మనాభయ్య గారు దయగా నవ్వారు. "అమ్మా, భార్యగా మీ బాధ మాకు తెలుసు. కానీ సాక్ష్యంలో మమకారం కలవకూడదు. శాస్త్రీయంగా చూస్తే, సముద్రం నాటికి గడియారం కొత్తది. కొత్త వస్తువులో లోపం ఉండదు. కనక ఈత వాస్తవం. ఆ తర్వాత బంకు రోజులు. అప్పుడూ అది బాగానే పనిచేసినట్టు సభ్యులంతా కళ్లారా ఫోనులో చూసినారు. మా ఇంటికి వచ్చిన ఆ ఉదయం మాత్రమే బగ్ ప్రవేశించింది. అది సవరించబడింది. సమస్య పరిష్కారమైంది."

సభ చప్పట్లు కొట్టింది. వెంకటశేషమ్మ లేచి, అధ్యక్షుల వైపు కాకుండా నేరుగా లాజరస్ వైపు చూసింది.

"లాజరన్నా, మీ ఆడామెతో వచ్చిన దినం తప్ప నువ్వు ఎప్పుడన్నా మా గడప తొక్కినావా?"

అందరూ లాజరస్‌ను చూశారు. లేదు అనడానికి రెండక్షరాలు చాలు. కానీ లేదంటే గడియారం తప్పని, గడియారం తప్పంటే సముద్రం తప్పని, సముద్రం తప్పంటే... ఆయన గుండె దడదడలాడింది. చేతి మీద గడియారం వణికి, "శభాష్! ఇదే జోరు కొనసాగించండి" అన్నది. ఆయన తల దించుకుని దాన్నే చూస్తూ, "అంతా దేవునికి తెలుసమ్మా" అన్నాడు.

"దేవుడికి తెలుసులే అన్నా. ఈళ్లకు చెప్పమంటా ఉండాను."

ఆయన గడియారం పట్టీ సర్దుకున్నాడు. ఆనందకుమారి చేతిసంచి తీసుకుని, భర్త కోసం ఆగకుండా, ఒక్కతే బయటికి నడిచింది.

అయినా సంఘం మనసు మెత్తనిది. వెంకటశేషమ్మ మీద ఎవరికీ కోపం లేదని, ఆమె పేరు నిలబెట్టుకోవడానికి ఒక అవకాశం ఇస్తున్నామని పద్మనాభయ్య గారు ప్రకటించి, సంఘం తరఫున ఒక కొత్త గడియారం ఆమె ముందు పెట్టారు. అది కట్టుకుంటే ఆమె ఎప్పుడు ఎక్కడున్నదీ సభ్యులందరికీ తెలుస్తుంది. ఇక నింద వేయడానికి ఎవరికీ ఆస్కారముండదు. ఇంతటి ఔదార్యం మరే ఊరి సంఘమైనా చూపిందా అన్నది మాకు తెలియదు.

ఆమె డబ్బా తెరవలేదు. "మీరందరూ యాడ తిరగతా ఉండారో నాకు కూడా చూపిస్తారా?" అని అడిగింది.

హాలులో అలికిడి పుట్టింది. బ్యాటరీ త్వరగా అయిపోతోందని సభ్యులలో చాలామందికి ఆ క్షణంలోనే గుర్తొచ్చి, ఎవరి ఫోనులో వారు ఎవరి చుక్కను వారు ఆర్పుకున్నారు. పద్మనాభయ్య గారు గొంతు సవరించుకుని, మగవాళ్లకు పనులమీద నాలుగు చోట్లకు తిరగాల్సి ఉంటుందని వివరించారు.

"అట్టయితే నాకొద్దు" అని వెంకటశేషమ్మ డబ్బాను బల్ల మీద ఆ కొసకు నెట్టి వెళ్లిపోయింది.

తర్వాత సుశీల్ కుమార్ మెల్లగా అన్నాడు: "ఏమీ లేకపోతే కట్టుకోను అని ఎందుకంటాది?"

ఆ ప్రశ్నలోని న్యాయం అందరికీ నచ్చింది. దాన్నే తీర్మానంగా పెట్టి చేతులెత్తమన్నారు. లాజరస్ చెయ్యి సగమే లేచింది. అధ్యక్షులు దాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకుని, తీర్మానం ఏకగ్రీవమన్నారు.

ఇది చదువుతున్నవారిలో ఒకరిద్దరికి ఆ సందేహం సుశీల్ కుమార్ కన్నా ముందే వచ్చి ఉంటుంది. వారికి ప్రవేశ రుసుము లేకుండా సభ్యత్వమివ్వడానికి సంఘం సిద్ధంగా ఉంది.