ఆగని తాబేలుకు పార్కింగ్ చీటీ

ఒక పెద్ద అడవిలో జరిగిందని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, నిజానికి అది ఓ మోస్తరు అడవే. ఏనుగు ఒక్కరే ఉండేవారు. అందుకే ఆయనే పంచాయతీ అధ్యక్షుడు. రెండో ఏనుగు ఉంటే ఎన్నిక పెట్టాల్సి వచ్చేది. ఎన్నికల గురించి మొదలుపెట్టానంటే ఇవాళ కథ పూర్తి కాదు, వదిలేద్దాం.

అడవి నడుమ ఒక మడుగు. ఎండాకాలంలో చుట్టుపక్కల కుంటలన్నీ నెర్రెలిచ్చినా ఇందులో నీళ్లుండేవి. దాని ముందు ఓ మైదానం. జంతువులు మైదానం దాటి వెళ్లి నీళ్లు తాగి, తిరిగి వస్తూ అక్కడే నిలబడి లోకాభిరామాయణం మాట్లాడుకుని ఇళ్లకు పోయేవి. నిలబడినందుకు రుసుము కట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

జంబులయ్య అనే నక్కకు వచ్చింది.

"అధ్యక్షా, మైదానంలో క్రమశిక్షణ లేదండి. దుప్పి నిలబడ్డచోటే దున్న నిలబడుతోంది. రేపు తొక్కిసలాట జరిగితే బాధ్యత ఎవరిది?" అన్నాడు.

"ఎవరిది?" అన్నారు ఏనుగు గారు భయంగా.

"అదే నేననేది. కాంట్రాక్టు నాకిప్పించండి. బాధ్యత ఎవరిదో బోర్డు మీద రాయిస్తాను."

ఇప్పించారు. వచ్చినదాంట్లో మూడో వంతు పంచాయతీకి. మర్నాటికల్లా మైదానం చుట్టూ తుమ్మకంప కంచె వెలిసింది. దారి వైపు ఒక గేటు, మడుగు వైపు ఒక గేటు, నడుమ కప్పు లేని ఆఫీసు. గేటు దగ్గర బోర్డు:

"పార్కింగ్ స్థలం. ఈ బోర్డు నీడ జానెడు జరిగేవరకు ఉచితం. ఆపైన నిలిపినందుకు దుప్పి పట్టే జాగాకు దోసెడు ఇప్పపూలు. కట్టనివారి ఒంటిమీది వస్తువు జప్తు. మీ కొమ్ములకు, తోకలకు, పిల్లలకు మీరే బాధ్యులు. అభ్యంతరాలుంటే లోపల ఆఫీసులో చెప్పుకోగలరు."

ఆ చివరి వాక్యం ఎంత మర్యాదగా ఉందో చూశారా? అభ్యంతరం చెప్పుకోవాలంటే లోపలికెళ్లాలి. లోపలికెళితే నీడ జరుగుతుంది.

మేం కాలేజీలో చదివే రోజుల్లో సినిమాహాలు పక్కన చలమయ్య అనే ఆయన సైకిల్ స్టాండు నడిపేవాడు. ఐదు పైసలు తీసుకునేవాడు, నిజమే. కానీ సైకిలు నీడన పెట్టేవాడు, సీటు తుడిచేవాడు, గాలి తగ్గితే చెప్పేవాడు. ఒకసారి నా సైకిలు పోతే నాకంటే ముందు ఆయనే ఏడ్చాడు. రుసుము తీసుకుని బాధ్యత మాత్రం మనకే వదిలేసే పద్ధతి తర్వాతి కాలపు తెలివి. సరే, ఎక్కడున్నాం? గేటు దగ్గర.

రెండు గేట్ల దగ్గరా రెండు తీతువు పిట్టలు. అన్నదమ్ములు. నిజాయితీపరులు, అంతకుమించి ఏమీ కారు. వచ్చినవాణ్ణి చూసి అన్న "వచ్చె!" అని అరుస్తాడు. బయటపడ్డవాణ్ణి చూసి తమ్ముడు "పోయె!" అని అరుస్తాడు. ఈ రెండు కేకల మధ్య నీడ జానెడు దాటిందా, చేతిలో మోదుగాకు చీటీ పెడతాడు. మధ్యలో ఏం జరిగిందో చూసే పని వాళ్లది కాదు. బోర్డు మీద లేని మాట ఎవరు చెప్పినా వినొద్దని జంబులయ్య వాళ్లకు గట్టిగా నూరిపోశాడు.

ఇలా ఉండగా నూకయ్య వచ్చాడు. నూకయ్య మెట్ట తాబేలు. గుట్ట రాళ్ల మధ్య కాపురం. దాహం బాగా ముదిరాక మడుగుకు బయల్దేరి, అది ఇంకా ముదిరాక చేరుకునే రకం. ఆ రోజూ అలాగే మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మడుగు వైపు గేటు దాటగానే తమ్ముడు తీతువు చీటీ ఇచ్చాడు.

"ఇదేంటి నాయనా? నేనెక్కడా ఆగలేదే!"

"అదంతా నాకు తెలీదు తాతా. మా అన్న వచ్చెనన్నాడు, నేను పోయెనన్నాను. నీడ మూరెడు జరిగింది."

నూకయ్య నీళ్లు తాగి, తిరిగి నడిచి, ఆఫీసు చేరాడు. నడక ఆపకుండా ఆఫీసు చుట్టూ తిరుగుతూనే మాట్లాడాడు, మళ్లీ ఏం రాస్తారోనని.

"జంబులయ్య బాబూ, బోర్డు మీద నిలిపినందుకు అని ఉందట. నేను నిలపలేదు. నడుస్తూనే ఉన్నాను."

"నడిచేవాడు ఇంతసేపుంటాడా?"

"నేనుంటాను. తాబేలును కదా."

"నీ వేగం నీ సొంత విషయం. దానికి సంస్థ బాధ్యత వహించదు."

"అసలు నిలపడానికి నా దగ్గర బండేముంది బాబూ?"

"ఆ వీపు మీదిదేమిటి?"

"ఇల్లు."

జంబులయ్య మొహం వెలిగిపోయింది. "ఇల్లా! పార్కింగ్ స్థలంలోకి ఇల్లు తెచ్చావా? అయితే ఆక్రమణ కింద వస్తుంది. దాని జరిమానా వేరు, ఇంకా పెద్దది. బండంటావా, ఇల్లంటావా? నీ ఇష్టం, ఇందులో బలవంతం లేదు."

నూకయ్య ఆలోచించాడు. అతని ఆలోచనా నడకలాంటిదే. ఆఫీసు చుట్టూ ఇంకో రెండు ప్రదక్షిణలయ్యాక, "బండే అనుకో," అన్నాడు.

"మరి! చూడు, మాట్లాడుతుంటేనే ఇంకో జానెడు జరిగింది."

ఇప్పపూలు నూకయ్యకు ఎక్కడివి? అతను చెట్టు కిందికి చేరేసరికి ఎలుగుబంటి పిల్లలు ఊడ్చేసి ఉంటాయి. జరిమానా పెరిగింది. పున్నమిలోగా కట్టకపోతే డిప్ప జప్తు అని కబురొచ్చింది.

"అది ఊడదు బాబూ," అని మొత్తుకున్నాడు నూకయ్య. "నా వెన్నెముకే దానికి అతుక్కుని ఉంటుంది."

"ఊడకపోతే నువ్వూ రా," అన్నాడు జంబులయ్య, దయగానే. "వానాకాలం వస్తోంది, ఆఫీసుకు కప్పు లేదు. నాలుగు గుంజలు పాతి నిన్ను పైన పెడతాను. నా తల తడవకపోతే చాలు. నీకు నడకా ఉండదు, నీళ్లకోసం తిప్పలూ ఉండవు. పైగా పార్కింగ్ ఉచితం."

గుంజల మీద వెల్లకిలా కాకుండా బోర్లా పెడతాడా లేదా అని కూడా అడగలేకపోయాడు నూకయ్య. కాళ్లు నేలకు ఆనని బతుకు కళ్లముందు కదిలింది. తల లోపలికి లాక్కుని, మళ్లీ బయటపెట్టి, ఏదుపంది సూరమ్మ దగ్గరికి నడిచాడు.

సూరమ్మ పంచాయతీ బండ పక్కన కూర్చుని అర్జీలు రాసేది. రాయడానికి తన ఒంటి ముళ్లే వాడేది. మామూలు అర్జీకి పొట్టి ముల్లు, అప్పీలుకు పొడుగు ముల్లు.

"మామా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మైదానంలో ఎక్కడైనా ఆగావా? పువ్వు చూసో, ఆడతాబేలును చూసో?"

"ఈ వయసులోనా సూరమ్మా!"

"నేనడిగింది వయసు గురించి కాదు, ఆగిన సంగతి."

"ఆగలేదమ్మా. ఆగితే మళ్లీ బయల్దేరడం నాకు పెద్ద పని."

సూరమ్మ పొడుగు ముల్లే పీకింది. "అయితే భయపడకు. చీటీ ఇచ్చినంత మాత్రాన తీర్పు ఇచ్చినట్టు కాదు మామా. నువ్వు ఆగావని వాడు చూపించాలి గానీ, ఆగలేదని నువ్వు చూపించడమేమిటి? ఇక జప్తు అంటావా, దానికి న్యాయాధికారి ఉత్తర్వు కావాలి. బోర్డు పాతినవాడల్లా ఒకరి ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి లేదు."

న్యాయాధికారి కొంగ ధర్మయ్య గారు. తెల్లని బట్టల్లాంటి ఒళ్లు, ఒంటికాలి మీద నిలబడే తీరు, సగం మూసిన కళ్లు. ఆయన ధర్మసూక్ష్మం ఆలోచిస్తున్నారని అడవంతా అనుకునేది. చేపల అభిప్రాయం వేరు.

విచారణ పంచాయతీ బండ మీద జరిగింది. తీతువులిద్దరూ "వచ్చె", "పోయె" అని సాక్ష్యం చెప్పారు.

"గేటు దాటడమంటే బోర్డుకు ఒప్పుకున్నట్టే," అన్నారు ధర్మయ్య గారు.

"నాకు చదవడం రాదండి," అన్నాడు నూకయ్య.

"రాకపోయినా ఒప్పుకున్నట్టే. చట్టం చట్టమే. డిప్పను..."

"ధర్మప్రభువులు ఒక్క నిమిషం ఆగాలి," అంది సూరమ్మ. "ఆగాడో లేదో ఈ పిట్టలిద్దరూ చూడలేదు. ఇంకెవరూ చూడలేదు. తమంతటివారు కళ్లారా చూస్తే ఇక తీర్పుకు తిరుగుండదు. నూకయ్య మామ మళ్లీ నడుస్తాడు. తమరు, అధ్యక్షుల వారు, పెద్దలంతా మైదానంలో నిలబడి స్థల పరిశీలన చెయ్యండి."

తమంతటివారు అన్న మాట ధర్మయ్య గారికి నచ్చింది. జంబులయ్యకూ నచ్చింది. మండుటెండలో ముసలి తాబేలు ఎక్కడో ఒకచోట కూలబడకపోతాడా?

మర్నాడు అందరూ వచ్చారు. గేటు దగ్గర అన్న తీతువు "వచ్చె, వచ్చె, వచ్చె!" అని గొంతు పోయేలా అరిచాడు. ఏనుగు గారు ఉన్న ఒక్క చెట్టు నీడా ఆక్రమించారు. ఎలుగుబంటి ఆయన పొట్ట నీడలో సర్దుకున్నాడు. ధర్మయ్య గారు నడిమధ్యన ఒంటికాలి మీద కొలువుతీరారు. సూరమ్మ మాత్రం కంచె బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే, "తుమ్మముళ్లతో నా ముళ్లు చిక్కుపడతాయండీ," అంది.

నూకయ్య నడిచాడు. ఒక కాలు, ఇంకో కాలు. నేల పెనంలా కాలుతోంది. సగం దూరంలో జంబులయ్య దోసపండు ముక్క పట్టుకుని పక్కన చేరాడు.

"పెద్దవాడివి, నాకు మాత్రం జాలుండదా? చల్లగా ఉంది, ఒక్క ముక్క తిని పో."

నూకయ్య నోట్లో నీరూరింది. మెడ ముక్క వైపు సాగింది. కాళ్లు మాత్రం గేటు వైపే పోయాయి. ఆ రెండింటి మధ్య పాపం నూకయ్య అంగుళం పొడుగయ్యాడు. అంతలో దారిలో రాయి అడ్డొచ్చింది. వెనక్కాలు ఎత్తినవాడు దించడానికి చోటు వెతుక్కుంటున్నాడు.

"ఆగాడు! ఆగాడు!" అని కేకేశాడు జంబులయ్య.

ధర్మయ్య గారు ఒక కన్ను తెరిచారు. "కుడి వెనక్కాలు గాల్లో ఉంది. కాలు గాల్లో ఉన్నవాడు ఆగినట్టు కాదు." ఒంటికాలి విషయంలో ఆయనను మించిన నిపుణుడు అడవిలో లేడు.

నూకయ్య రాయి చుట్టి వెళ్లాడు. ఏనుగు గారు ఓ నిద్ర తీశారు. చివరికి గేటు అవతల నూకయ్య ముక్కు కనబడింది, తర్వాత డిప్ప, చాలాసేపటికి తోక. "పోయె!" అన్నాడు తమ్ముడు తీతువు. పెద్దలంతా చప్పట్లు కొట్టి, దాహంతో వాళ్లూ మడుగు వైపు కదిలారు.

"ఆగండి," అన్నాడు తీతువు. "చీటీలు."

"ఎవరికి?" అన్నారు ఏనుగు గారు.

"మీకేనండి. నీడ రెండు మూరలు జరిగింది. మీరు ఎనిమిది దుప్పుల జాగా తీసుకున్నారు, కాబట్టి ఎనిమిది చీటీలు."

"నేను అధ్యక్షుణ్ణిరా!"

"అవునండి. వచ్చె, పోయె."

ధర్మయ్య గారి ముందు కూడా మోదుగాకు వచ్చింది. ఆయన దాన్ని ముందు కుడికన్నుతో, తర్వాత ఎడమకన్నుతో చూశారు. "నాకొక కాలు గాల్లోనే ఉంది కదయ్యా?"

"అలా అని బోర్డు మీద లేదండి."

"కట్టకపోతే?"

"ఒంటిమీది వస్తువు జప్తండి. తమరివి ఈకలు. అధ్యక్షుల వారివి దంతాలు."

ఏనుగు గారు తొండంతో దంతాలు పట్టుకున్నారు. జంబులయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఒరే, వాళ్లకొద్దురా! వాళ్లు పెద్దలురా!"

"బోర్డు మీద లేదండి," అన్నాడు తీతువు. "బోర్డు మీద లేని మాట ఎవరు చెప్పినా వినొద్దన్నది మీరే కదండీ."

కంచె బయట సూరమ్మ ముళ్లు దువ్వుకుంటోంది.

"తీర్పు రేపటికి వాయిదా," అన్నారు ధర్మయ్య గారు. "చట్టాన్ని కాస్త లోతుగా చదవాల్సి ఉంది."

లోతుగానే చదివారు. మర్నాటి తీర్పును అడవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిలపడమంటే ఉన్న కాళ్లన్నీ నేలకు ఆని ఉండటం. ఒక్క కాలు గాల్లో ఉన్నా నిలిపినట్టు కాదు. నీడ జరిగిందని చూపిస్తే చాలదు, నిలిపినట్టు చూపించాలి. ఆ చూపించే భారం చీటీ ఇచ్చినవాడిదే. ఎవరి ఒంటిమీదున్న దేన్నీ కాంట్రాక్టరు ముట్టుకోరాదు. అన్నిటికంటే ముందు, నిన్నటి వరకు ఇచ్చిన చీటీలన్నీ చెల్లవు. నూకయ్య పేరు తీర్పులో చిట్టచివర, "తదితరులు" అన్న మాటలో ఉంది. ఉంటే ఏం, డిప్ప దక్కింది.

ఆ రోజు నుంచి మైదానంలో కబుర్లు మళ్లీ మొదలయ్యాయి, కాకపోతే ఒక కాలెత్తి. దుప్పులు, పందులు, ఎలుగులు అన్నీ ఒక్కో కాలెత్తుకుని కష్టసుఖాలు మాట్లాడుకునేవి. ఏనుగు గారు కాలెత్తితే చుట్టుపక్కలవారు కాస్త జరిగేవారు. చూస్తే నాట్య పాఠశాలలా ఉండేది. ఉన్న కాళ్లన్నీ నేలకు ఆనించి, పొద్దస్తమానం మైదానంలో నిలబడేది ఒక్కడే, వసూలుకు వచ్చిన జంబులయ్య. తమ్ముడు తీతువు అతనికే చీటీ ఇచ్చాడు.

"నా కాంట్రాక్టులో నాకేంట్రా?"

"మూడో వంతు పంచాయతీదండి."

ఆ మూడో వంతు సంగతి ఏనుగు గారికి గుర్తుండిపోయింది. రోజూ కబురు పెట్టి అడిగించారు. తొలకరి నాటికి జంబులయ్య కంచె పీకించేశాడు. తీతువులు తమ దారిన ఎగిరిపోయారు. కప్పులేని ఆఫీసు మాత్రం మిగిలింది, అందులో అతనూ మిగిలాడు.

మొదటి వాన పడ్డ సాయంత్రం నూకయ్య అటుగా వచ్చాడు. జంబులయ్య తడిసి, తోక పిండుకుంటూ కనిపించాడు. నూకయ్య నాలుగు కాళ్లూ నేలకు ఆనించి, జీవితంలో మొదటిసారి ఆ మైదానంలో ఆగాడు.

"ఏం బాబూ, తడిసిపోతున్నావే?"

జంబులయ్య తలెత్తాడు. అలవాటు ఊరుకోదు కదా. "ఆగావు!" అన్నాడు, కళ్లు మెరిపిస్తూ. "నువ్వు ఆగావు!"

"ఆగాను బాబూ," అన్నాడు నూకయ్య. "రాసుకో."

నీతి: న్యాయం మన పక్షాన ఉంటే సరిపోదు, న్యాయాధికారికి కూడా ఓ చీటీ పడాలి.