దైవాధీనం గారి దౌరా బండి

ఇకమీదట ప్రజలు సర్కారు దగ్గరికి రానక్కరలేదనీ, సర్కారే ప్రజల గుమ్మం దగ్గరికి వస్తుందనీ 1949 జనవరిలో సూర్యాపేట బజారులో డప్పు వేయించారు. గుమ్మం లేనివాళ్ల సంగతేమిటని ఒక ముసలమ్మ అడిగిందట గానీ, డప్పు కొట్టేవాడికి అంతవరకు చెప్పి పంపలేదు.

ఈ మహత్కార్యం కోసం మద్రాసు వైపు నుంచి ప్రత్యేకంగా రప్పించిన ఆఫీసరు దైవాధీనం గారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు ఆయన స్పెషల్ దౌరా ఆఫీసరు, అంటే ఊరూరా తిరిగి విచారించే అధికారి. అప్పటికి పోలీసు చర్య జరిగి నాలుగు నెలలైంది. పాతకాలపు అధికారులు దౌరాకి వెళ్తే గడీల్లో దిగి, దొరల కోళ్లు తిని, దొరల మాటే రాసుకొచ్చేవారని ఆయన విన్నారు. అందుకని మొదటి రోజే ఒక నియమం పెట్టుకున్నారు. ఏ పల్లెలోనూ ఒకరి కప్పు కింద పడుకోరు, ఒకరి మెతుకు ముట్టరు. తన ఇల్లు తనతోనే తీసుకువెళ్తారు. చక్రాల మీద నడిచే ఆ ఇంటి పేరు కారవాన్. సూర్యాపేటలో అంతకు ముందు ఎవరూ వినని మాట అది. ఆయన దగ్గర రాతపని చేసే పేష్కారు దాన్ని ఒకే కాగితంలో మూడుసార్లు రాసి, మూడుసార్లూ మూడు రకాలుగా రాశాడు.

వడ్ల ముత్తయ్య సరిగ్గా ఆ వారంలోనే ఫిర్యాదు కాగితం పట్టుకుని కచేరీ మెట్లెక్కాడు. త్రిపురారం దగ్గర దిరిసెనగూడెం అతనిది. ఊరి నాగళ్లకూ బండ్లకూ వడ్రంగం చేసినందుకు తాతల నాటి నుంచి రెండెకరాల మాన్యం ఉండేది. రజాకార్ల గడబిడ రోజుల్లో భార్య బక్కమ్మను తీసుకుని ఆరు నెలలు చుట్టాల ఊళ్లో తలదాచుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఇల్లు కూలి ఉంది. రెండెకరాలను పట్వారి నరహరిరావు తన అల్లుడి పేర రాసేసి ఉన్నాడు. వానలు పడేలోగా భూమి చేతికి రాకపోతే ఆ ఏడు ముత్తయ్య ఇంట్లో పొయ్యి రాజేయడం కష్టం.

దైవాధీనం గారు కాగితమంతా చదివి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఇంత అన్యాయాన్ని కచేరీలో కూర్చుని తేల్చడం మరో అన్యాయమవుతుందన్నారు. స్వయంగా వచ్చి, కళ్లారా చూసి తీర్పు చెబుతానన్నారు. ఎప్పుడని ముత్తయ్య అడిగితే కారవాన్ తయారవగానే అన్నారు. తయారుచేసేదెవరని పేష్కారు అడిగితే, ఆయన ముత్తయ్య చేతుల వైపు చూశారు. బండి ఎంత తొందరగా పూర్తయితే సర్కారు అంత తొందరగా అతని పొలానికి వస్తుంది. ముత్తయ్యకు ఆ లెక్క న్యాయంగానే తోచింది. ఆ మధ్యాహ్నమే బాడిసె నూరుకున్నాడు.

బండిని ఎంచుకోవడానికే ఫిబ్రవరి అంతా పట్టింది.

మొదట మిలిటరీ వాళ్లు ఒక పాత అంబులెన్సు చూపించారు. దైవాధీనం గారు అందులో పడుకుని చూశారు. సుఖంగానే ఉంది గానీ, దారిన పోయేవాళ్లంతా తనను జాలిగా చూస్తున్నారని లేచిపోయారు. మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే భిక్షం సేటు తన బస్సు ఇస్తానన్నాడు. అందులో నిలబడితే తలపాగా కప్పుకు తగులుతోంది. సర్కారు తల వంచినట్టు కనపడుతుందని అదీ వద్దన్నారు. చివరికి కోదాడ సరిహద్దు నాకా దగ్గర దొరికింది. బెజవాడ నుంచి వస్తూ గొడవల్లో చిక్కి అక్కడే ఆగిపోయిన ఒక సర్కస్ కంపెనీ వాళ్ల పులి బండి. నాలుగు చక్రాలు, మూడు వైపులా చెక్క, ఒక వైపు ఇనుప కడ్డీలు. పులి ఆ చలికాలంలోనే ముసలితనంతో పోయిందని మేనేజరు చెప్పాడు.

దైవాధీనం గారు లోపలికెక్కి నిటారుగా నిలబడ్డారు. నాలుగడుగులు అటు నడిచి తిరిగారు, నాలుగడుగులు ఇటు నడిచి తిరిగారు. ఇందులో ఆలోచన బాగా సాగుతోందని చెప్పారు. ఇంతకు ముందు దాంట్లో ఉన్నది కూడా రోజంతా ఆ పనే చేసేదని మేనేజరు వినయంగా మనవి చేశాడు.

ముత్తయ్య మాత్రం కింద కూర్చుని చక్రాలు చూశాడు.

"సార్, గీ చక్రాలు సన్నగున్నయి. బండేమో బరువు. రేగడిల దిగబడ్తది" అన్నాడు.

చక్రాల సంగతి లోపలి ఏర్పాట్లయ్యాక పరిశీలిస్తామని దైవాధీనం గారు పేష్కారు చేత రాయించారు.

మిలిటరీ లారీ వెనక కట్టి బండిని మిర్యాలగూడ తెచ్చి, భిక్షం సేటు మిల్లు ఆవరణలో దింపారు. పనికి అదే చోటు. పల్లె బాటల్లో లారీ నడవదు కాబట్టి మిలిటరీ వాళ్లు అక్కడితో సెలవు తీసుకున్నారు. ముత్తయ్య టేకు కోశాడు, మంచం చేశాడు, బల్ల చేశాడు. దస్త్రాలకు అరలు చేశాక, దైవాధీనం గారు మంచం వెడల్పు చాలదన్నారు. మంచం వెడల్పు చేస్తే అరలు పట్టలేదు. దస్త్రాలు మంచం కిందికి వెళ్లాయి. కాఫీ కాచుకోవడానికి ఒక మూల, దేవుడికి ఒక గూడు, బొట్టు పెట్టుకోవడానికి అద్దం, ఆ అద్దం పగలకుండా దానికో తలుపు. చక్రాల వంతు ఎప్పటికీ రాలేదు.

అన్నిటికన్నా ముత్తయ్య మనసు పెట్టి చేసింది ఫిర్యాదుల కిటికీ. పొట్టివాళ్లకూ అందేలా కింద పెట్టాడు, కాగితం ఆనించుకోవడానికి పలక కొట్టాడు. తన కాగితం అక్కడే పెడతానని ఒకటి రెండుసార్లు చెయ్యి చాపి కూడా చూసుకున్నాడు. కిటికీ లోంచి మంచం కనపడుతోందని దైవాధీనం గారు దాన్ని సగం మూయించారు. తరవాత ప్రజల ముఖాలు కనపడితే పక్షపాతం కలిగే ప్రమాదముందని, కాగితం పట్టేంత సందు మాత్రం ఉంచమన్నారు. ఆ సందు లోంచి దుమ్ము వస్తోందని చివరికి ఒక మూత పెట్టించారు. మూతకు గడియ లోపలి వైపు ఉండాలన్నారు. ముత్తయ్య పెట్టాడు. గడియ పెట్టిన సాయంత్రం అన్నం సయించక, బక్కమ్మ కట్టి పంపిన సద్దిమూట అలాగే వెనక్కి తీసుకుపోయాడు.

మే నెలాఖరుకు బండి సిద్ధమైంది. లాగడానికి సేటు నాలుగు జతల ఎద్దులను పంపాడు. మొదటి జత పది గజాల దూరంలో ఆగి, ముట్టెలెత్తి గాలి పీల్చింది. మరుక్షణం కాడి విరగదన్ని బజారు మీద పడింది. తక్కిన మూడు జతలు ఆ మాత్రం కూడా ఆగలేదు. పులి పోయినా దాని వాసన చెక్కలో ఉండిపోయింది. కోదాడకు మనిషిని పంపితే, మేము ఏనుగుతో లాగించేవాళ్లమండీ, ఎద్దుల సంగతి మీరు అడగనే లేదుగా అని మేనేజరు కబురు చేశాడు. పేష్కారు ఏనుగు కోసం ఒక దస్త్రం తెరిచాడు.

ఇంతలో మొదటి దౌరా తేదీలు హైదరాబాదు వెళ్లిపోయాయి. జూన్ పదో తారీఖున కృష్ణ ఒడ్డున ఉన్న వాడపల్లి, పన్నెండున మేళ్లచెరువు, ఆపైన కోదాడ. మొదటి దౌరాలో చెప్పవలసిన విషయం, వెట్టిచాకిరి రద్దయిందని.

దైవాధీనం గారు మిల్లు ఆవరణలో ఫిర్యాదులతో కూర్చున్న జనాన్ని చూశారు. వీళ్లంతా తను తమ ఊళ్లకు రావాలని కోరుకుంటున్నవాళ్లే. కోరుకునేవాళ్లు సహకరించాలని ఆయనకు స్ఫురించింది. ముప్ఫయి మందిని బండికి కట్టమన్నారు. అందులో ముత్తయ్య పక్క ఊరి కురుమ బీరన్న ఒకడు. బందెలదొడ్డిలో పెట్టిన తన గొర్రెల కోసం రెండు నెలల నుంచి తిరుగుతున్నాడు.

"గిది వెట్టి కాదా, సార్?" అని అడిగాడు బీరన్న, తాడు భుజానికి వేసుకుంటూనే.

"వెట్టి అంటే బలవంతం. ఇది ప్రజా సహకారం" అన్నారు దైవాధీనం గారు. "సహకరించినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాస్తాం. సహకరించనివాళ్ల పేర్లు ఇంకో కాగితం మీద రాస్తాం. బలవంతం ఎక్కడుంది?"

బీరన్నకు తేడా తెలిసింది. పూర్వం కాగితం ఉండేది కాదు.

పేష్కారు స్వాగత ఏర్పాట్ల కోసం ముందుగా వాడపల్లి వెళ్లాడు. పదో తారీఖు తెల్లవారుతుండగా దైవాధీనం గారు లోపలికెక్కి తెరలు దించుకుని, మూతకు గడియ వేసుకుని, వాడపల్లి పర్యటన రిపోర్టు రాయడం మొదలుపెట్టారు. ముందు తాడు ముత్తయ్యది. ఊరు దాటాక బాటలు చీలాయి. అతను ఒక్క క్షణం ఆగి బీరన్న ముఖం చూశాడు. బీరన్న తాడు భుజం మార్చుకున్నాడు. తాళ్లు పట్టినవాళ్లలో వాడపల్లి వైపు వాళ్లు ఇద్దరే. తక్కినవాళ్లంతా త్రిపురారం చుట్టుపక్కల వాళ్లు. బండి త్రిపురారం వైపు తిరిగింది.

పొద్దు వాలేవేళకు ఒళ్లు హూనమై, ముప్ఫయి మందీ దాన్ని దిరిసెనగూడెం పొలిమేరలో ముత్తయ్య రెండెకరాల నడుమ నిలిపారు. ముత్తయ్య ముఖం కడుక్కుని, కాగితం తీసి, మూత మీద వేలితో తట్టాడు. మూత తెరుచుకుంది.

"కృష్ణ ఏదీ?" అన్నారు దైవాధీనం గారు.

"గీడ కృష్ణ లేదు, సార్. గిది నా పొలం. తగాదా ఉన్న మౌకా మీదికే తెచ్చిన. ఒక్కపారి దిగి సూస్తే సాలు."

దైవాధీనం గారు కోప్పడలేదు. ప్రోగ్రాం కాగితం తీసి చూపించారు.

"ఇవాళ పదో తారీఖు, ముత్తయ్యా. పదో తారీఖున నేను వాడపల్లిలో ఉన్నాను. హైదరాబాదుకు కాగితం వెళ్లింది. వాడపల్లిలో ఉన్నవాణ్ణి ఇక్కడి పొలం ఎలా చూడమంటావు?"

"మరి గీడున్నదెవరు, సార్?"

దైవాధీనం గారు నిజాయితీపరులు కావడం వల్ల కాసేపు ఆలోచించారు.

"అది ప్రోగ్రాంలో లేదు" అని మూత వేసుకున్నారు.

ముత్తయ్య చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. బీరన్న తన కాగితం మడిచి మొలలో దోపుకుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ బీరన్న వీపు చూసినప్పుడే ముత్తయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే మృగశిర వాన దబదబా పడింది. నల్లరేగడి మెత్తబడి, చక్రాలు ఇరుసుల దాకా దిగిపోయి, బండి ఒక పక్కకు ఒరిగింది. నిండా తడుస్తూ నిలబడిన ముత్తయ్య కళ్లు మాత్రం చెక్కల అతుకుల మీదే ఉన్నాయి. చుక్క నీరు లోపలికి దిగలేదు.

పట్వారి నరహరిరావు గొడుగు పట్టుకుని పరుగున వచ్చాడు. ఒరిగిన మంచం మీద పడుకోవడం వీలుకాక దైవాధీనం గారు ఆ పూట పట్వారి ఇంట మూడు కూరలతో భోంచేసి, పట్టెమంచం మీద విశ్రమించారు. వాడపల్లిలో ఉన్నవారు దిరిసెనగూడెంలో ఒకరి మెతుకు ముట్టడం అసాధ్యం గనక నియమభంగమేమీ జరగలేదు. మర్నాడు పట్వారి కచ్చడపు బండిలో మిర్యాలగూడ చేరి, అక్కడి బంగళా నుంచి దౌరా కొనసాగించారు. కారవాన్ మేళ్లచెరువు చేరిందనీ, వెట్టి రద్దు వార్త విని జనం ఆనందంతో దారి పొడవునా బండిని తామే లాగారనీ హైదరాబాదు పత్రికలో పడింది. రెండో సంగతి నిజమే.

దిగబడిన బండిని నాలుగు రోజులు చూసి, అయిదో రోజు బక్కమ్మ, ఇల్లు కూలినప్పటి నుంచి తాము తలదాచుకుంటున్న ఊరి చావిడిలోంచి కుండలు మోసుకొచ్చింది. ముత్తయ్య భయపడ్డాడు. సర్కారు బండి, జైల్లో వేస్తారన్నాడు.

"ఆయన గీడ లేనే లేడంటివి గద. లేనోని ఇంటికి భయమెందుకు?" అని ఆమె లోపలంతా పేడతో అలికింది. కాఫీ మూలలో అంబలి కాచింది. అద్దం తలుపు తీసి చూసుకుని, పెళ్లయినప్పటి కన్నా బాగానే ఉన్నాననుకుంది.

పట్వారి అల్లుడు దున్నడానికి ఎడ్లను తోలుకొచ్చాడు. బయటి చెక్కల్లో పులి వాసన ఇంకా పోలేదు. ఎడ్లు గట్టు దగ్గరే నాగలి వదిలేసి ఊళ్లోకి పారిపోయాయి. రెండోసారి తోలుకొస్తే అల్లుణ్ణి కూడా ఈడ్చుకుపోయాయి. విత్తనాల అదను దాటుతోంది. ఓర్వలేక నరహరిరావు, సర్కారు వారి కారవాన్ తన అల్లుడి పొలంలో దిగబడి ఉంది, తీయించవలసిందని మిర్యాలగూడకు రాశాడు.

జవాబు వారంలో వచ్చింది. కారవాన్ ప్రస్తుతం కోదాడ ప్రాంతంలో దౌరాలో ఉన్నది. సర్కారుకు వేరే కారవాన్ లేదు. కావున మీ ఊరిలో ఉన్న వస్తువు ఏమిటి, అందులోని టేకు సామాను ఎక్కడిది, ఆ భూమి ఎవరి కబ్జాలో, అనగా అనుభవంలో ఉన్నది, ఆ కబ్జాదారు ఎవరో వారే ఆ సామానుకు జవాబుదారీ. పంచనామా రాసి పంపవలెను. కింద దైవాధీనం గారి సంతకం.

నరహరిరావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, అల్లుణ్ణి ఇంటికి పంపేశాడు. తర్వాత బండి మెట్టు మీద కూర్చుని కలాల పెట్టె ఖలందానీ తెరిచాడు. ముప్ఫయ్యేళ్ల పట్వారిగిరీలో అతని కలం ఎప్పుడూ అంత నెమ్మదిగా నడవలేదు. వస్తువు అన్నచోట పులి బోను అని రాశాడు. కబ్జా అన్నచోట కలం ఆగింది.

"ముత్తయ్యా, గీ సామాను నాకు తెల్వదు, నా అల్లునికి తెల్వదు. రేపు పోలీసులొస్తే నువ్వే చెప్పుకోవాలె" అన్నాడు.

"చెప్పుకుంట, పంతులూ. నా చేత్తోనే చేసిన గద" అన్నాడు ముత్తయ్య.

రెండెకరాల నేల వడ్ల ముత్తయ్య కబ్జాలో ఉన్నదని నరహరిరావు తన దస్తూరీతో రాసి, కింద సంతకం చేసి, చెమట తుడుచుకున్నాడు.

పోలీసులు రాలేదు. సామాను విచారిస్తే బండి విచారణకొస్తుంది, బండి విచారిస్తే దౌరా విచారణకొస్తుంది. పది రోజులకు ఆ పంచనామా సర్కారు మొహరు ముద్రతో తిరిగొచ్చింది. బడిపంతులు గట్టు మీద నిలబడి చదివి వినిపించాడు. స్పెషల్ దౌరా ఆఫీసరు కారవాన్‌లో స్వయంగా దిరిసెనగూడెం విచ్చేసి, పొలమంతా కలయదిరిగి, కబ్జా వాస్తవమని ధ్రువపరచినట్టు అందులో ఉంది.

బక్కమ్మ, ఎడ్లు రాని ఆ నేలలో ముత్తయ్య పారతో తీసిన సాళ్లలో ఒడిలోని జొన్నలు చల్లడం ఆపింది.

"ఎప్పుడొచ్చిండు?"

"వచ్చిండట. రాసిండు గద" అన్నాడు ముత్తయ్య.

"అయ్యో, గంత దూరం వచ్చినోనికి ఇన్ని మంచినీళ్లన్న ఇయ్యకపోతిమి" అని ఆమె నొచ్చుకుంది.