బేస్ పూర్తయింది

ఆ ఆదివారం ఫణి వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినడం, తెనాలిలో ప్యాసింజరు ఎక్కడం, బాపట్లలో దిగి దావీదు షెడ్డుకి వెళ్లడం, తన కొత్త బేస్ గిటారు భుజాన వేసుకుని భోజనం వేళకి ఇంటికి వచ్చేయడం.

ఫణి ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. తీరిక దొరికినప్పుడు మిత్రులతో కలిసి పెళ్లి రిసెప్షన్లలో బేస్ వాయిస్తాడు. బేస్ అంటే నాలుగు లావుపాటి తీగల కరెంటు గిటారు. పాటలో అది ఉన్నట్టు ఎవరూ గమనించరు. ఆగిపోతే మాత్రం పాట కింద నేల లేనట్టు అయిపోతుంది. ఫణిది చిన్న చెయ్యి. షాపుల్లో దొరికే బేస్‌ల మెడ అతని గుప్పిట్లో ఇమడదు. రెండు పాటలు వాయించేసరికి మణికట్టు లాగేస్తుంది. డిగ్రీలో అతనితో చదివిన దావీదు ఉద్యోగం మానేసి, బాపట్లలో సూర్యలంక రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని గిటార్లు తయారుచేస్తున్నాడు. అతను ఫణి అరచేతిని అట్టముక్క మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసుకుని, ఆ కొలతకి తగ్గట్టు ఒక బేస్ మొదలుపెట్టాడు. ఒళ్లంతా పనసచెక్క, మెడ టేకు.

ఈ సంగతి ఫణి భార్య మాధురికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్లది ప్రేమ పెళ్లి. అంగలకుదురులో ఉండే ఫణి తండ్రి చంద్రశేఖరం రిటైరైన సంస్కృతం మాస్టారు. రేపల్లెలో ఉండే మాధురి తండ్రి శేషగిరిరావు వరి రైతు. మొదట్లో రెండు వైపులా ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం ఒకరినొకరు గాజు సామానులా చూసుకోవడం మొదలుపెట్టారు. ఏ మాటా సూటిగా అడగరు, ఏ మాటా సూటిగా చెప్పరు. అలాంటి పెద్దల ముందు, ఈ వయసులో గిటారు చేయించుకుంటున్నానని చెప్పడానికి ఫణికి నోరు రాలేదు.

అతను గడ్డం గీసుకుంటుండగా మాధురి ఫోన్ మోగింది. మాధురి స్నానాల గదిలో ఉంది. ఫణే ఎత్తాడు. చేసింది మాధురి తల్లి కోటేశ్వరమ్మ.

"బాబూ, బాగున్నారా? ఈ పూట ఇంట్లోనే ఉంటారా? మామిడికాయలు పంపిద్దామని."

"లేదండి అత్తయ్యగారూ, బాపట్ల వెళ్తున్నాను." ఎందుకో ఆ క్షణాన ఫణికి దాచబుద్ధి కాలేదు. "బేస్ పూర్తయిందండి."

కూతురూ అల్లుడూ అద్దె ఇంట్లో ఉన్నారని పెళ్లయినప్పటినుంచీ బాధపడుతున్న తల్లికి ఆ మాటకి ఒకటే అర్థం. ఇంటి పునాది లేచింది.

"బేస్ అయిపోయిందా బాబూ? ఎప్పుడు మొదలుపెట్టారు?"

"కిందటి వానాకాలంలో అండి. అంతా చేత్తో పని కదా, మెల్లిగానే అవుతుంది."

"చెక్క ఏం వాడుతున్నారు?"

"పనస, టేకు."

"టేకు మంచిది, చెదలు పట్టదు. ఇంకేం మిగిలింది?"

"తీగలు బిగించడం ఒక్కటేనండి. నేను వెళ్లేసరికి అదీ అయిపోతుంది."

గోడలు లేవకుండా కరెంటు తీగలేంటో కోటేశ్వరమ్మకి అంతుబట్టలేదు. ఇప్పటి ఇళ్లు అలాగే కడుతున్నారు కాబోలు అనుకుంది. "మాకు ఒక్క మాటైనా చెప్పలేదే బాబూ," అంది నెమ్మదిగా.

"మీరేమనుకుంటారోనని."

"ఏమనుకుంటాం బాబూ. సంతోషమేగా."

ఇంత తేలిగ్గా అయిపోయే దానికి ఇన్నాళ్లు భయపడ్డానా అనుకుంటూ ఫణి మిగతా గడ్డం గీసుకున్నాడు. మాధురికి చెప్పి స్టేషనుకి వెళ్లిపోయాడు.

రేపల్లెలో కోటేశ్వరమ్మ సంతోషం అయిదు నిమిషాలుండి, తర్వాత కన్నీళ్లయింది. ఆవిడ చెప్పింది విని శేషగిరిరావు తాగుతున్న కాఫీ పక్కన పెట్టాడు.

"శంకుస్థాపనకైనా పిలవలేదే. అమ్మాయిని అడుగుదామా?" అంది ఆవిడ.

"వద్దు. అడిగితే తప్పు పట్టినట్టుంటుంది," అని ఆయన వియ్యంకుడికి ఫోన్ చేశాడు. "బావగారూ, నమస్కారమండి. పిల్లలు బాపట్లలో బేస్ వేశారంట. మీకు తెలిసే ఉంటుంది."

చంద్రశేఖరానికి ఏమీ తెలియదు. కానీ సొంత కొడుకు ఇల్లు కడుతున్న సంగతి వియ్యంకుడు చెబితే తెలిసిందని ఒప్పుకోవడం ఆయనకి చేతకాలేదు. "ఆఁ, అనుకుంటూనే ఉన్నారండి," అన్నాడు.

ఫోన్ పెట్టేసి శేషగిరిరావు భార్యతో అన్నాడు: "వాళ్లకి చెప్పారు. మనకే చెప్పలేదు."

అదే నిమిషంలో అంగలకుదురులో చంద్రశేఖరం కూడా తన భార్య భ్రమరాంబతో సరిగ్గా ఇదే మాట అన్నాడు.

బాధ బాధే, పిల్లలు పిల్లలే. గంట తిరిగేసరికి రేపల్లె నుంచి ఒక కారు బయల్దేరింది. అందులో పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, పెద్ద గిన్నెడు పులిహోర ఉన్నాయి. ముందు సీట్లో, శేషగిరిరావు ఇల్లు కట్టిన ప్రకాశరావు మేస్త్రీ ఒళ్లో పనిముట్ల సంచితో కూర్చున్నాడు. అల్లుడికి లెక్కలు తెలుసుగాని ఇటుకలేం తెలుస్తాయని శేషగిరిరావు ఆలోచన.

దారిలో ఆయన ఫణికి ఫోన్ చేశాడు. రైలు అప్పుడే చుండూరు దాటింది.

"అల్లుడుగారూ, మేమూ చూద్దామని వస్తున్నాం. ఎక్కడికి రావాలి?"

ఫణి నమ్మలేకపోయాడు. తన గిటారు చూడటానికి మామగారు రేపల్లె నుంచి కారు కట్టించుకుని వస్తున్నాడు. "సూర్యలంక రోడ్డులో దావీదు షెడ్డు అని అడగండి మామయ్యగారూ, ఎవరైనా చెబుతారు."

"దావీదంటే పని చేసినాయనా? నమ్మకస్తుడేనా?"

"చాలా మంచి పనివాడండి. నా చెయ్యి కొలత తీసుకుని మరీ చేశాడు."

చేతి కొలతతో పునాది తీసినవాడి గురించి విన్నాక శేషగిరిరావు డ్రైవర్ని కాస్త తొందరగా పోనివ్వమన్నాడు.

ఈలోగా తెనాలిలో మాధురి ఇంటి ముందు ఇంకో కారు ఆగింది. చంద్రశేఖరం తల బయటపెట్టి, "ఎక్కమ్మా. మాకు చెప్పకపోతే మాత్రం చూడటానికి రామనుకున్నారా?" అన్నాడు. మాధురి ఎగిరి గంతేసినంత పనిచేసి కారెక్కింది. మామగారు కోప్పడలేదు సరికదా, చూడటానికి స్వయంగా బయల్దేరారు.

కారులో భ్రమరాంబ ఉండబట్టలేక అడిగింది. "బాగా లోతు వచ్చిందా అమ్మా?"

"చాలా లోతు అత్తయ్యా. గుండెల్లో తగులుతుంది."

భ్రమరాంబ భర్త వైపు చూసింది. గుండెల దాకా తవ్వారంటే రెండు అంతస్తులు లేపే ఆలోచన ఉందన్నమాట. చంద్రశేఖరం గంభీరంగా తల ఊపాడు.

బాపట్లకి రేపల్లె కారే ముందు చేరింది. ఫణి ఎక్కిన ప్యాసింజరుని ఏదో ఎక్స్‌ప్రెస్ కోసం అప్పికట్లలో ఆపేశారు. దావీదు షెడ్డుకి తాళం వేసి, మిత్రుణ్ని తీసుకురావడానికి స్టేషనుకి వెళ్లాడు. చెప్పేవాళ్లెవరూ లేరు. చెప్పాల్సిన అవసరం కూడా కనిపించలేదు. ఎందుకంటే షెడ్డు పక్క స్థలంలో, ఇంకా సిమెంటు వాసన పోని కొత్త బేస్ మోకాలెత్తున లేచి ఉంది.

కోటేశ్వరమ్మ దాని చుట్టూ తిరిగి, మూలమూలనా పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ప్రకాశరావు సంచిలోంచి దారం, మూలమట్టం తీసి కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"ఈ మూల చదరం కాలేదండి. జానెడు లోపలికి పోయింది. ఇలాగే గోడ లేపితే పైన శ్లాబు వంకరొస్తుంది."

శేషగిరిరావు ముఖంలో ఆ ఉదయం మొదటిసారి వెలుగొచ్చింది. పెద్దవాళ్ల అవసరం ఇంకా ఉంది. "చూశావా? మనల్ని అడిగుంటే ఇలా అయ్యేదా?" అన్నాడు భార్యతో. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "వాళ్లొచ్చేలోపు ఆ మూల తీసెయ్. చూసి నొచ్చుకుంటారు, పాపం," అన్నాడు.

ప్రకాశరావు మూల మీద నాలుగు వరసలు ఇటుక ఊడదీశాడు. అయిదో వరస మీద సుత్తి పడుతుండగా వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఏంటండీ మీరు చేస్తున్నది?"

ఆవిడ పేరు దేవకుమారి. ఆసుపత్రిలో నర్సు. ఆ స్థలమూ ఆవిడదే, బేసూ ఆవిడదే. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ, రోజూలాగే ఒకసారి చూసుకుని పోదామని వచ్చింది.

"మూల సరిచేయిస్తున్నామమ్మా," అన్నాడు శేషగిరిరావు. "మా అల్లుడి ఇల్లు."

"మీ అల్లుడిదేంటండీ? ఇది నా స్థలం."

"కాదమ్మా, పొద్దున ఫోన్లో కూడా చెప్పాడు. బేస్ పూర్తయిందని."

దేవకుమారి పసుపు కుంకుమ చూసింది, కొబ్బరి చిప్పలు చూసింది, సుత్తి పట్టుకున్న మనిషిని చూసింది. కబ్జా ఇలా మొదలవుతుందని విన్నదేగాని కళ్లతో చూడటం ఇదే మొదలు. పక్కకి వెళ్లి అన్నకి ఫోన్ చేసింది. "అన్నయ్యా, తొందరగా రా. రేపల్లె నుంచి మన స్థలం మీదికి మనుషులొచ్చారు. పులిహోర కూడా తెచ్చుకున్నారు. ఇప్పట్లో పోయేట్టు లేరు."

శేషగిరిరావుకి విషయం ఇంకోలా బోధపడింది. ఎవడో అల్లుణ్ని మోసం చేశాడు. ఒకే స్థలం ఇద్దరికి అమ్మాడు. అంతవరకూ లోపల మెలిపెడుతున్న బాధ ఎటో పోయింది. ఆయన కండువా దులిపి బేస్ మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు.

"అమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ మా అల్లుడు అమాయకుడు, పాఠాలు చెప్పుకునే మనిషి. అతనొచ్చేదాకా నేను లేవను."

సరిగ్గా అప్పుడే తెనాలి కారు ఆగింది. వియ్యంకుడు చెప్పింది విని చంద్రశేఖరం ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత పంచె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, వెళ్లి శేషగిరిరావు పక్కనే కూర్చున్నాడు. "మావాడికి నిజంగానే లోకం తెలియదండి," అన్నాడు. "చిన్నప్పటినుంచీ అంతే." పెళ్లయిన ఇన్నాళ్లకి వియ్యంకులిద్దరూ భుజం భుజం ఆనించి కూర్చోవడం అదే మొదటిసారి.

మాధురి బిత్తరపోయి చూసింది. "నాన్నా, బేస్ చూడటానికొచ్చి ఇక్కడ కూర్చున్నారేంటి?"

"దాని మీదే కూర్చున్నాం అమ్మా."

మాధురి పెద్దవాళ్లనీ, పసుపునీ, ఊడిన ఇటుకల్నీ ఒకటొకటిగా చూసింది. తెనాలి నుంచి అత్తగారు దారంతా అడిగిన ప్రశ్నలు ఒక్కసారిగా గుర్తొచ్చి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో భ్రమరాంబకి తెలియలేదు.

దావీదు బండి మీద ఫణి వచ్చేసరికి పరిస్థితి ఇదీ. తన కోసం ఇందరు రావడం చూసి అతని కళ్లు చెమర్చాయి. ఎవరినీ ఏమీ అడగకుండా, దావీదు తాళం తీయగానే షెడ్డులోకి పరుగెత్తి, తేనెరంగులో మెరుస్తున్న పనసచెక్క గిటారుని రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చాడు.

"ఇదేనండి," అన్నాడు. "బేస్."

కోటేశ్వరమ్మ గిటారుని చూసింది, భర్త కూర్చున్న పునాదిని చూసింది, మళ్లీ గిటారుని చూసింది. "తీగలు బిగించడం అంటే ఇవా బాబూ," అంది మెల్లిగా.

అప్పుడు ఫణికి అర్థమైంది. గిటారు బరువు ఒక్కసారిగా పెరిగినట్టనిపించింది. ఇల్లు చూద్దామని వచ్చినవాళ్లకి తను చూపిస్తున్నది ఇదీ. శేషగిరిరావు కండువా తీసుకుని నెమ్మదిగా లేచాడు. ముందు దేవకుమారి దగ్గరికెళ్లి చేతులు జోడించాడు. "తప్పు మాదేనమ్మా. మా మేస్త్రీ ఈ పూటే ఆ మూల కట్టేసి వస్తాడు. సరిగ్గా." తర్వాత అల్లుడి వైపు తిరిగాడు.

"ఏదీ, వాయించండి."

దావీదు లోపలికి తీసుకెళ్లి స్పీకరుకి వైరు తగిలించాడు. ఫణి తల ఎత్తకుండా వాయించడం మొదలుపెట్టాడు. ఆ మెడ అతని గుప్పిట్లో కుదిరినట్టు ఇంతవరకు ఏదీ కుదరలేదు. రెండు నిమిషాలు గడిచేసరికి ఎదురుగా ఎవరున్నారో మరిచిపోయాడు. షెడ్డు రేకులు సన్నగా అదిరాయి. గొడవకని వచ్చిన దేవకుమారి అన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

పాట అయ్యాక శేషగిరిరావు గొంతు సవరించుకున్నాడు. "చిన్నప్పుడు పొలంలో పడుకుంటే, దూరంగా ఆయిలింజను ఆడుతుంటే ఇలాగే ఉండేది. చెవికంటే ముందు ఒంటికి తెలిసేది."

"ఇల్లు అనుకుని వచ్చారు మామయ్యగారూ. క్షమించండి," అన్నాడు ఫణి.

"క్షమించేదేముంది. పొద్దున్నుంచీ నాకు అన్నం సయించలేదు బాబూ. ఇల్లు కట్టేటప్పుడు నన్నడగలేదంటే, మీకు నేను పనికిరానన్నమాట." ఆయన బల్ల మీద పడుకోబెట్టిన గిటారు మీద చెయ్యి వేసి, చల్లగా నున్నగా ఉన్న చెక్కని నిమిరాడు. "ఇదైతే ఫరవాలేదు. నన్నడిగినా నాకేం తెలుసు?"

"నాకూ అంతే," అన్నాడు చంద్రశేఖరం, చాలా తేలికపడి. పొద్దున ఫోన్లో తను ఆడిన అబద్ధం సంగతి కూడా చెప్పేశాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

తెచ్చిన పసుపు కుంకుమ వృథా కాకూడదని కోటేశ్వరమ్మ గిటారుకీ బొట్టు పెట్టింది. తన వార్నిషు మీద కుంకుమ అంటుతుంటే దావీదు కళ్లు మూసుకున్నాడు. పులిహోర అందరికీ సరిపోయింది. దేవకుమారి రెండోసారి వడ్డించుకుంటూ, తన మేస్త్రీ రేపు కనిపిస్తే ఆ మూల గురించి ఏం అడగాలో ప్రకాశరావు దగ్గర తెలుసుకుంది.

తిరిగి రేపల్లె వెళ్లే దారిలో కోటేశ్వరమ్మ ఫోన్ మోగింది. చేసింది చెరుకుపల్లిలో ఉండే చెల్లెలు. వస్తున్నప్పుడు సంతోషం పట్టలేక కోటేశ్వరమ్మ ఆమెకి అంతా చెప్పింది.

"ఏంటక్కా, చూశారా? అల్లుడి బేస్ ఎలా ఉంది?"

కోటేశ్వరమ్మ భర్త వైపు చూసింది. ఆయన కిటికీలోంచి వరిచేలు చూస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"చాలా బాగుందే. మంచి పనస. అద్దె ఇల్లు మారినప్పుడల్లా భుజాన వేసుకుని తీసుకెళ్లొచ్చు."

"పునాదినా అక్కా?" అంది చెల్లెలు.