మూడు నీళ్ల బొచ్చె పులుసు

ఇంటింటా చేపలు వండే మృగశిర కార్తె వచ్చిందంటే నాచారంలో పరంధామయ్య నాలుకకు పండుగే. బొచ్చె చేప ముక్క నోట్లో పెట్టుకుని అది చెరువుదో, కృష్ణదో, గోదావరిదో ముప్ఫై ఏళ్లుగా తడుముకోకుండా చెప్తున్నాడు. ఆ పేరే ఆయనకు ఆస్తి. అందుకే ఆ ఉదయం ఆయన పథకం చిన్నదే: స్నానం చేసి, మూడు గిన్నెల పులుసు రుచి చూసి, ఎప్పటిలాగే గెలవడం. నిరుడు ఓడిన బామ్మర్ది ధర్మేందర్ రామంతాపూర్ నుంచి మళ్లీ పోటీకి దిగాడు. ఓడినవాడు గెలిచినవాడికి తలకాయ ముక్క వడ్డించి, వాడకట్టంతా వినేలా "నాకు రుచి తెల్వది" అనాలి.

చిక్కల్లా ఒక్కటే. రెండేళ్ల కిందటి జ్వరంతో పరంధామయ్య నాలుకకు రుచి చచ్చింది. ఆ సంగతి భార్య నీలవేణికి తప్ప నరమానవుడికి తెలియదు. నిరుడు పరువు నిలిపింది ఆవిడే. వడ్డించేటప్పుడు గరిటెతో గిన్నె అంచును ఒకసారి తడితే చెరువు, రెండుసార్లయితే కృష్ణ, మూడైతే గోదావరి.

స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో అక్కాతమ్ముళ్ల గుసగుసలు వినిపించాయి.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. బావకు మాత్రం తెల్వనియ్యకు."

"సరే తియ్. నేను సూసుకుంట."

పరంధామయ్య దగ్గాడు. ఇద్దరూ గబుక్కున ఉల్లిగడ్డల మీద పడ్డారు.

"ఏంది ముచ్చట?" అన్నాడు.

"ఏముంటది? పులుసుల చింతపండు ఎక్కువైందా అని," అంది నీలవేణి.

చింతపండు ఇంకా నానబెట్టనే లేదు. పైగా అలమారలో కొత్త చీర ప్యాకెట్ కనిపించింది. తమ్ముడు "ఊకెనే" తెచ్చాడట. అక్క పెండ్లికే చీర పెట్టని మహానుభావుడు ఊకెనే ఎందుకు తెస్తాడు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సరే, పక్కింటి పోశయ్యయినా పట్టుకుంటాడేమోనని ఆయన్ని వంటింటి కిటికీ దగ్గర కాపలా పెట్టాడు.

పోశయ్య పావుగంటలో వచ్చాడు. "అన్నా, వదినె మీ బామ్మర్దికి చేతిల చెయ్యేసి ఒట్టు వెట్టింది."

ఇంకేం మిగిలింది? పుట్టింటి మీద ప్రేమ పొంగి, తనకు తప్పుడు సైగ చెయ్యబోతోంది. ముప్ఫై ఏళ్ల కాపురం తలుచుకుంటే పరంధామయ్యకు ఏడుపొచ్చింది. అయితే తనూ తక్కువ తినలేదు. ఆవిడ ఏది తడితే అది కాదని చెప్తే సరి.

పోటీలో ఇద్దరూ జవాబులు పోశయ్య చెవిలో చెప్పాలి. మొదటి గిన్నెకు గరిటె ఒకసారి తగిలింది. పరంధామయ్య కళ్లు మూసుకుని నమిలి, "గోదారి," అన్నాడు. రెండో గిన్నెకు మూడుసార్లు. "కృష్ణ." మూడోదానికి రెండు. "చెరువు. మట్టి వాసన గొడ్తుంది," అని కూడా చేర్చాడు.

చేపలు కొనుక్కొచ్చిన నీలవేణి గిన్నెల అడుగున సుద్దముక్కతో పేర్లు రాసిపెట్టింది. పోశయ్య ఒక్కొక్కటే ఎత్తి చూసి, నమ్మలేక మళ్లీ చూశాడు.

"అన్న జవాబులు మూడుకు మూడు తప్పు. ధర్మేందర్‌వి మూడు కరెక్ట్."

పరంధామయ్యకు తల కొట్టేసినట్టయింది. భార్య మీదికి లేచాడు. "మీ తమ్మునికి అమ్ముడుపోయినవ్. నాకు తప్పు సైగ జేసినవ్."

ధర్మేందర్ చేతిలోని ముక్క కంచంలో పడింది. "సైగనా? బావా, నీక్కూడనా?"

నీలవేణి గరిటె కింద పెట్టింది. "ఒక్క పెండ్లిల అంటిన జరమే గదా, ఇద్దరి నాలుకలు పోయినై. నీ సంగతి వానికి చెప్పలే, వాని సంగతి నీకు చెప్పలే. ఇద్దరికి ఒక్కటే సైగ, సరిగ్గనే జేసిన. నువ్వు ఉల్టా ఎందుకు చెప్పినవో నాకేమెరుక?"

పోశయ్య తలకాయ ముక్క తీసుకెళ్లి నీలవేణి ముందు పెట్టాడు. బావా బామ్మర్దీ పక్కపక్కన నిలబడి, వాడకట్టంతా వినేలా అనవలసిన మాట అన్నారు.

ఆ పూట ఆ ఇంట్లో రుచి తెలిసి తిన్నది నీలవేణి ఒక్కతే.