నాలుగో బ్రాంచి ముందు బర్రె

ఐస్‌క్రీమ్‌లో పాలు ఉండాలనడం వట్టి మూఢనమ్మకం. అభివృద్ధికి అసలు అడ్డంకి బర్రె! నమ్మనివాళ్లు వైకుంఠం షాపుల చరిత్ర వినండి.

అరవై తొమ్మిదిలో ధూల్‌పేట్‌లో ఆయనకున్నది ఒక చెక్క బాల్చీ, అందులో ఉప్పు చల్లిన మంచుగడ్డలు, మధ్య డబ్బాలో పాలమనిషి రాజమణి పోసిన బర్రెపాలు. చెయ్యి పీకేదాకా పిడి తిప్పితేనే ఐస్‌క్రీమ్. జనం వేళ్లు నాకేవారు. ఎంత వెనకబాటుతనం!

కిషన్‌బాగ్‌లో రెండో షాపు పడేసరికి పాలలో నీళ్లు, నీళ్లలో కార్న్‌ఫ్లోర్ చేరాయి. మూడో షాపుకు కరెంటు మిషన్ వచ్చింది, గులాబీ రంగు వచ్చింది, పాలపొడి డబ్బా వచ్చింది. రాజమణి పాలు ఆగిపోయాయి. ఎనభై రెండులో కంచన్‌బాగ్ క్వార్టర్లలోని ఉద్యోగుల కోసం నాలుగోది. అప్పటికి ఆ ఐస్‌క్రీమ్ ఎండలో పెట్టినా కరగడం మానేసింది. ఇంత నిలకడైన సరుకు దేశంలో ఇంకేముంది?

రాజమణికి ఈ ప్రగతి అర్థం కాలేదు. ఇన్నేళ్లూ ఆ షాపును నమ్ముకుని రోజూ పాలు పోసే వేరే వాడికె ఇళ్లు పెట్టుకోలేదామె. ఇక బర్రెను అమ్ముకోవడమే అనుకుంటుండగా, దాన్ని నాలుగో షాపు ఓపెనింగ్‌కు తోలుకురమ్మని వైకుంఠం పిలిచాడు.

"అంటే పాలు మళ్ల తీస్కుంటవా, సేటూ?"

"పాలెందుకే? జనం బర్రెను జూస్తె సాలు."

పిండే శ్రమ కూడా లేకుండా బర్రెను వాడుకోవడం! ఎంత పొదుపు!

అయినా ఆశ చావక తోలుకొచ్చింది. బర్రె మెడలో బంతిపూల దండ వేశారు, షాపు గుమ్మం పైన "స్వచ్ఛమైన పాల ఐస్‌క్రీమ్" అని బోర్డు కట్టారు. సాయంత్రానికి పొదుగు బిగిసి బర్రె అరిచింది. దానికి ప్రారంభోత్సవాల మర్యాద తెలియదు కదా. రాజమణి గిన్నె తీసింది. అడుగున నీళ్లు లేవని నలుగురికీ బోర్లించి చూపించాకే పిండడం పాలవాళ్ల ఆనవాయితీ. ఐస్‌క్రీమ్ క్యూలోని వాళ్లకు అలాగే చూపించి పిండడానికి కూర్చుంది. నురగ పొంగింది. క్యూ మెల్లగా ఇటు తిరిగింది.

"రేపటి సంది మా క్వార్టర్‌కు పోస్తవా అక్కా?" అంది సుశీల అనే ఆవిడ. ఇంకొకామె ఇంట్లోంచి గిన్నె పట్టుకొచ్చింది.

వైకుంఠం ఉరికొచ్చాడు. "ఏందే గీ లొల్లి? నా దుకాణం ముంగట నీ దుకాణమా?"

"ఫికర్ జెయ్యకు సేటూ. నువ్వు గూడ నీ డబ్బా గిట్ల బోర్లించి సూపియ్. ఎవలకు ఏది గావాల్నో వాళ్లే తీస్కుంటరు."

ఆయన బోర్లించలేదు. బర్రెను వెంటనే తోలుకుపొమ్మన్నాడు. అది కదిలింది. దాని వెనకే గిన్నెలతో సగం క్యూ కదిలింది. స్వచ్ఛమైన పాల బోర్డు మాత్రం అభివృద్ధికి కాపలాగా అక్కడే వేలాడింది.