పట్టీ లేని వానపాము

శాస్త్ర ప్రపంచానికి తెలియజేయడమేమనగా, మన వానపాముల ఆచార్యులవారి పేరు మీద ఒక కొత్త జాతి వెలిసింది. పాత వానపాముకు తలకు కాస్త దిగువన ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంటుంది. దీనికి ఉండదు. రంగు అదే, ఆకారం అదే, దొరికిన మట్టీ అదే. అయినా పట్టీ లేదు గనక జాతి వేరు. ఇంత సూక్ష్మమైన తేడా పట్టుకోవడానికి ఎంత చదువు కావాలో మీకు వేరే చెప్పాలా!

ఆచార్యులవారు జుట్టు ఊడినా ఓర్చుకున్నారు. ప్రమోషన్ రాకపోయినా, సొంత తమ్ముడే నలుగురిలో "మా వానపాముల అన్నయ్య" అని పరిచయం చేసినా ఓర్చుకున్నారు. తన పేరు లోకంలో నిలబడేది ఇక ఈ ఒక్క ప్రాణి మీదే. గడ్డం గీసుకుంటూ అద్దంలోకి చూసి, "పోనీలేవోయ్, పులికి నీ పేరు పెట్టే యోగం లేదు నీకు" అని తన మీద తనే నవ్వుకునేవారు. లోపల్లోపల మాత్రం పొంగిపోయేవారు.

చిక్కంతా భార్యవల్ల వచ్చింది. ప్రయోగశాలలో చోటు చాలక ఆయన ఇంటికి తెచ్చిన బతికున్న నమూనాలను ఆవిడ జాలిపడి, కొత్త మట్టి పోసిన పూలకుండీలో వదిలింది. కొన్నాళ్లకు కుండీ కెలికి, "ఏవండీ, ఓసారి ఇలా రండి. మీ పేరుగలవాళ్లందరికీ పట్టీలొచ్చాయి" అని పిలిచింది.

ఆయన భూతద్దం పెట్టి చూశారు.

"ఓసి నా తెలివి తగలెయ్య! ఇవి అప్పుడు పిల్లలటే!"

"పిల్లలు కాక? ఎదిగేదాకా ఆగారా మీరు?"

మర్నాడు ఆయన, జాతుల పేర్లు ఖాయంచేసే వర్గీకరణ సంఘం ముందు నిలబడ్డారు. "నేను పేరు పెట్టింది కొత్త జాతికి కాదండీ, పాత జాతి పిల్లలకి. నా పేరు కొట్టేయండి" అన్నారు.

అక్కడున్న ప్రతి పెద్దమనిషి పేరు మీదా పట్టీ లేని జాతి ఒకటుంది. అధ్యక్షులవారి పేరు మీద మూడున్నాయి: పొట్టిది, మరీ పొట్టిది, బొత్తిగా కనిపించనిది.

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "సోదరులారా! ఎదగడమనేది సదరు వానపాముల సొంత విషయం. అందులో శాస్త్రం తలదూర్చడం మర్యాద కాదు. మన సోదరుడి నిజాయితీకి జోహార్లు! ఆయన చేసిన పొరపాటల్లా నమూనాలను బతకనివ్వడమే. కనుక ఇకమీదట దొరికినవాటిని దొరికినట్టే, ఎదగకముందే స్పిరిట్‌లో వేసి చంపవలెనని తీర్మానిస్తున్నాను."

చప్పట్లు మారుమోగాయి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ఇంటికి రాగానే భార్య గుమ్మంలోనే పట్టుకుంది. "నిజం చెప్పేశారా?"

"చెప్పాను."

"పేరు తీసేశారా మరి?"

"లేదు, నిలబెట్టారు."

"అదేంటండీ! ఎవరూ అడ్డు చెప్పలేదా?"

"ఎవరు చెప్తారే? తీర్మానాన్ని బలపరిచింది నేనేగా" అని, ఆయన స్పిరిట్ సీసా ఎక్కడుందని అడిగారు.

ఆవిడ కదల్లేదు. ఆయనే ఇల్లంతా వెతుక్కున్నారు. అలా చూస్తారేం? మీ పేరైతే మీరు వెతకరూ?